మంచు కొండకు మా ఇంటి లెక్క

క్రిస్మస్ సెలవుల్లో ఒక సాయంకాలం మా అబ్బాయి రోడ్ల పటం తెచ్చి భోజనాల బల్లమీద పరిచాడు. "నాన్నా, మన ఇబ్రహీంపట్నం రింగ్ దగ్గర మొదలయ్యే రోడ్డు ఎక్కడిదాకా పోతుందో చెప్పండి చూద్దాం" అన్నాడు.

"మైలవరం, తిరువూరు, కొత్తగూడెం, భద్రాచలం" అన్నాం.

"అక్కడితో అయిపోలేదు. జగదల్పూరు, రాయపూరు, జబల్పూరు, ప్రయాగ్‌రాజ్, లక్నో, బరేలీ దాటి ఉత్తరాఖండ్‌లో సితార్‌గంజ్ దాకా పోతుంది. అది 30వ నంబరు జాతీయ రహదారి. ఆ రాష్ట్రంలోనే ఔలి ఉంది. అక్కడ మంచులో స్కీయింగ్ నేర్పుతారు. మన గుమ్మం ముందు రోడ్డే కదా, కారులో పోదాం!"

స్కీయింగ్ అంటే ఎరుగనివారి కోసం ఒక మాట. పొడవుగా, సన్నగా ఉండే రెండు పలకలను ప్రత్యేకమైన బూట్లకు బిగించి, చేత రెండు కర్రలు పట్టుకొని మంచు వాలుమీద జారడమే స్కీయింగ్. మన దేశంలో కాశ్మీరులోని గుల్మార్గ్, హిమాచల్‌లోని సోలాంగ్, ఉత్తరాఖండ్‌లోని ఔలి ఇందుకు పేరు పొందాయి. ఔలి వాలులు సముద్ర మట్టానికి సుమారు 2,500 మీటర్ల నుంచి 3,000 మీటర్ల ఎత్తులో ఉన్నాయి. 2011లో దక్షిణాసియా శీతాకాల క్రీడల్లో కొన్ని పోటీలు అక్కడే జరిగాయి. కృష్ణ ఒడ్డున ఎండలో పెరిగిన పిల్లలకు అలాంటి చోటు చూడాలని కోరిక పుట్టడం తప్పు కాదు.

పిల్లల ముఖాలు చూసి మేము ఇద్దరమూ "సరే" అనేశాం. అంత తొందరగా ఎందుకన్నామో తరువాత తెలిసింది. ఆ ఏడాదంతా ఉద్యోగాలు, ట్యూషన్లు, కూడికలు అంటూ ఇంట్లో నలుగురం కలిసి కూర్చుని భోంచేసిన రోజులు వేళ్లమీద లెక్కపెట్టవచ్చు. ఆ లోటును ఒక్క పెద్ద ప్రయాణంతో పూడ్చేద్దామని మా ఆశ.

ఆ రాత్రే కాగితం, పెన్ను తీసుకొని లెక్క రాశాం. సితార్‌గంజ్ దాకా సుమారు 2,000 కిలోమీటర్లు. అక్కడి నుంచి జోషిమఠ్ మీదుగా ఔలికి కొండ దారిలో ఇంకా 300 కిలోమీటర్లకు పైమాటే. రానుపోను, అక్కడ తిరగడం కలిపి 4,800 అనుకొన్నాం. మా కారు లీటరుకు 16 కిలోమీటర్లు ఇస్తుంది. లీటరు 100 రూపాయల చొప్పున వేసినా పెట్రోలుకే 30,000. టోల్‌కు 5,000. బయలుదేరేముందు టైర్లకు, సర్వీసింగుకు 10,000. దారిలో పది రాత్రుల బసకు 15,000, జోషిమఠ్‌లో నాలుగు రాత్రులకు 8,000. నాయనమ్మతో కలిపి అయిదుగురికి 16 రోజుల భోజనాలు 24,000. పిల్లలిద్దరికీ స్కీల అద్దె, నేర్పేవారి రుసుము 8,000. చలి దుస్తులకు 4,000. ఆపదకు 10,000. మొత్తం 1,14,000 రూపాయలు.

మా దగ్గర ఉన్నది 40,000. మిగిలిన 74,000 ఎక్కడిది? పెండ్లినాటి గొలుసు తాకట్టు పెడదామన్న మాట మాలో ఒకరి నోటినుంచి వచ్చింది. రెండోవారు ఔననలేదు, కాదనలేదు. ఆ రెండు రోజులు ఇంట్లో మాటలు తగ్గిపోయాయి. విశ్రాంతి కోసం తలపెట్టిన ప్రయాణం బయలుదేరకముందే మా విశ్రాంతిని తీసివేసింది.

మూడో రోజు కుటుంబ ప్రార్థన అయ్యాక నాయనమ్మే కదిపింది. "ఒరే నాయనా, పిల్లలకు మంచు చూపించాలనుకోవడం మంచిదే. కానీ గొలుసు విడిపించేదాకా ప్రతినెలా వడ్డీ కట్టేటప్పుడు ఆ మంచు నీకు చల్లగా ఉంటుందా?" అని అడిగింది. తరువాత, "ఇంతకీ దారిలో ఆదివారాలు ఎక్కడ ఉంటారు? ఎన్ని రోజులు తిరుగుతారు? డబ్బు లెక్క రాశారు గాని రోజుల లెక్క రాశారా?" అంది.

నిజమే, రోజుల లెక్క రాయలేదు. మా అబ్బాయినే రాయమన్నాం. శీతాకాలంలో పగలు తక్కువ. జనవరిలో గంగా మైదానమంతా ఉదయంపూట దట్టమైన పొగమంచు ఉంటుంది. పది అడుగుల దూరంలోని లారీ కూడా కనబడని రోజులుంటాయి. కంకేరు, కొండగావ్‌ల మధ్య కేష్కాల్ ఘాట్‌లో 12 మలుపులున్నాయి. కనుక రోజుకు 400 కిలోమీటర్లకు మించి వేసుకోకూడదు. అంటే పోవడానికి ఆరు రోజులు, రావడానికి ఆరు రోజులు. సంక్రాంతి సెలవులు ఎంత లాగినా పది రోజులు. వాడు పెన్ను కింద పెట్టి, "నాన్నా, సెలవులన్నీ రోడ్డుమీదే అయిపోతాయి. మంచుకు ఒక్క రోజు కూడా మిగలదు" అన్నాడు.

లూకా సువార్త 14వ అధ్యాయంలో గోపురం కట్టదలచినవాణ్ణి గూర్చి ప్రభువు చెప్పిన మాటలు ఎన్నిసార్లు విన్నామో! ఆయన వానిని కట్టవద్దనలేదు, ముందు లెక్క చూసుకొమ్మన్నాడు. మేము సగం లెక్క చూసి సరిపెట్టుకొన్నాం.

అయినా మా కోరిక పూర్తిగా చావలేదు. సెలవు పెట్టుకొంటే ఏమవుతుందిలే అనిపించేది. అందుచేత ముందుగా ఒక చిన్న చలి ప్రయాణం చేసి చూద్దామనుకొన్నాం. సంక్రాంతి రద్దీ తగ్గాక, జనవరి చివర ఒక శుక్రవారం తెల్లవారుజామున నాలుగు గంటలకు లంబసింగికి బయలుదేరాం.

లంబసింగి అల్లూరి సీతారామరాజు జిల్లా చింతపల్లి మండలంలో, సుమారు 1,000 మీటర్ల ఎత్తులో ఉన్న ఊరు. రాజమండ్రి, తుని, నర్సీపట్నం మీదుగా మాకు 300 పై చిలుకు కిలోమీటర్లు. అక్కడివారు దాన్ని కొర్రబయలు అని కూడా పిలుస్తారు. రాత్రి బయట ఉండిపోతే కొయ్యలా బిగుసుకుపోతారని ఆ పేరు వచ్చిందని చెబుతారు. డిసెంబరు, జనవరిలో కొన్ని రాత్రులు చలి సున్నా డిగ్రీల దగ్గరకు దిగుతుంది. హిమాలయాల్లోలాగా అక్కడ మంచు పేరుకోదు. గడ్డిమీద తెల్లని పొర కడుతుంది, తెల్లవారుజామున లోయలన్నీ పొగమంచుతో నిండిపోతాయి.

ఆ ప్రయాణానికి పెట్రోలు, బస, భోజనాలు కలిపి 12,000 లోపే అయింది. ఇంటినుంచి పులిహోర, చపాతీలు పట్టుకుపోయాం కనుక ఒక పూట భోజనం ఖర్చు తప్పింది. నర్సీపట్నం దాటి ఘాట్ ఎక్కుతుండగా మా అమ్మాయికి వాంతులయ్యాయి. మరునాడు తెల్లవారకముందే చెరువులవేనం కొండ ఎక్కాం. కాళ్ల కింద పొగమంచు పాలసముద్రంలా పరుచుకొని ఉంది. పిల్లలు కేకలు వేయలేదు, మాట్లాడలేదు. కొంతసేపటికి మా అమ్మాయి మా ఇద్దరి చేతులూ పట్టుకొంది. కింద నాయనమ్మ చలిమంట దగ్గర కూర్చుని, ఊరి ఆడవాళ్లతో పసుపు, కాఫీ తోటల సంగతులు మాట్లాడుతూ మాకోసం ఎదురుచూసింది. కోరుకొన్న పెద్ద ప్రయాణం ఇది కాదు. కానీ కోరుకొన్న సహవాసం అక్కడ దొరికింది.

ఆదివారం ఉదయం చింతపల్లిలో ఒక చిన్న సంఘంలో ఆరాధించి, మధ్యాహ్నం బయలుదేరాం. ఇక్కడ మా తప్పు ఒకటి దాచకుండా చెప్పాలి. మరునాడు డ్యూటీ ఉందని ఎక్కడా సరిగా ఆగకుండా కారు నడిపాం. రాత్రి ఏలూరు దాటి హనుమాన్ జంక్షన్ దగ్గరికి వచ్చేసరికి నడిపేవారి కళ్లు ఒక్క క్షణం మూతపడ్డాయి. కారు రోడ్డు అంచుకు పోయింది. వెనక సీట్లోనుంచి మా అమ్మాయి వేసిన కేకతో బ్రేకు పడింది. దేవుని కృపవలన ఎవరికీ ఏమీ కాలేదు. కారు ఆపి టీకొట్టు బల్లమీద గంటసేపు కూర్చున్నాం. ఒక్క రోజు ప్రయాణానికే ఇలాగైతే, ఒక్కరే డ్రైవరుగా 12 రోజులు మంచు కొండల దాకా పోయి రావడం ఎలాగ? ఆ బల్లమీదనే ఔలికి కారు ప్రయాణం మానుకొన్నాం. కారు ప్రయాణం మాత్రమే మానుకొన్నాం, ఔలిని మానుకోలేదు.

కొత్త లెక్క ఇలా వేశాం. విజయవాడ నుంచి ఢిల్లీకి రైలులో ఒక పగలు, ఒక రాత్రి, పైన కొన్ని గంటలు. అయిదుగురికి రానుపోను స్లీపరు టికెట్లు కారు పెట్రోలులో మూడో వంతు కూడా కావు. ఢిల్లీ నుంచి హరిద్వారుకు మరో రైలు. అక్కడి నుంచి దేవప్రయాగ, రుద్రప్రయాగ, కర్ణప్రయాగ, చమోలి మీదుగా జోషిమఠ్‌కు అక్కడి డ్రైవరుతో అద్దె బండి. మొత్తం దారికి పోవడం మూడు రోజులు, రావడం మూడు రోజులు. మంచులో మూడు రోజులు మిగులుతాయి. ఒక ఆదివారం ఢిల్లీలో ఉండేలా చూసుకొన్నాం. తెలుగు ఆరాధన జరిగే సంఘాలు అక్కడ ఉన్నాయి.

నాయనమ్మ తాను రానంది. "నాకు లంబసింగి చాలు. అంత ఎత్తులో నా గుండె ఆగుతుందో లేదో మీరు పరీక్షించనక్కరలేదు" అని నవ్వింది. నలుగురికి రైళ్లు 18,000, అద్దె బండి 20,000, బస 8,000, స్కీలు, నేర్పేవారు 8,000, భోజనాలు 10,000, దుస్తులు 4,000, ఆపదకు 7,000, మొత్తం 75,000. నెలకు 3,000 చొప్పున 25 నెలలు. దశమభాగంలోనుంచి గాని, నాయనమ్మ మందుల డబ్బులోనుంచి గాని ఒక్క రూపాయి తీయకూడదని పిల్లలే రాసి బీరువా తలుపుకు అంటించారు. 40,000 రూపాయలు ఫీజులకు, అవసరాలకు ఉంచేశాం. గొలుసు దాని పెట్టెలోనే ఉంది.

ఇలాంటి ప్రయాణం తలపెట్టే కుటుంబాలకు మేము నేర్చుకొన్న కొన్ని సంగతులు:

1. డబ్బుకంటే ముందు రోజులు లెక్కపెట్టండి. ఔలిలో మంచు సాధారణంగా జనవరి నుంచి మార్చి మొదటివారం దాకా. అయినా మంచుకు హామీ లేదు. 2024 జనవరిలో గుల్మార్గ్‌లోనే చాలా రోజులు మంచు పడలేదు. బయలుదేరేముందు అక్కడివారిని ఫోనులో అడగండి.

2. దారిలోని ఊళ్లలో ఆ రోజుల్లో ఏమి జరుగుతున్నాయో తెలుసుకోండి. 2025 ఫిబ్రవరిలో కుంభమేళా రద్దీవల్ల ప్రయాగ్‌రాజ్ దారిలో కట్నీ, జబల్పూరు వైపు కూడా వాహనాలు గంటల తరబడి నిలిచిపోయాయి.

3. 2023 జనవరిలో జోషిమఠ్‌లో భూమి కుంగి ఇండ్లు బీటలు వారినప్పుడు ఔలికి పోయే రోప్‌వేను ఆపివేశారు. దానిమీద ఆధారపడకుండా రోడ్డు దారి లెక్కలోనే ఉంచుకోండి.

4. రైలు టికెట్లు 2024 నవంబరు 1 నుంచి 60 రోజుల ముందు మాత్రమే ఇస్తున్నారు. ఆ తేదీని క్యాలెండరులో గుర్తు పెట్టుకోండి.

5. కారులోనే పోయేవారు ఇద్దరు డ్రైవర్లు లేకుండా పోవద్దు. చీకటి పడ్డాక కొండ దారిలో నడపవద్దు. రేడియేటరులో గడ్డకట్టని కూలెంటు పోయించండి. నీడపట్టున రోడ్డుమీద కంటికి కనబడని మంచు పొర ఉంటుంది. టైర్లకు గొలుసులు లేకుండా దానిమీద బండి నిలవదు. జాతీయ రహదారులపై ఎక్కువగా తిరిగే సొంత కార్లకు 2025 ఆగస్టు 15న మొదలైన ఫాస్టాగ్ వార్షిక పాస్ లాభిస్తుంది.

6. ఖరీదైన చలి కోట్లు కొననక్కరలేదు. లోపల ఉన్ని బనియను, పైన స్వెట్టరు, ఆపైన గాలి, తడి చొరని కోటు. మూడు పొరలు చాలు. బంధువుల దగ్గర అడిగి తెచ్చుకోవడం నామోషీ కాదు.

7. బి.పి., గుండె జబ్బు ఉన్నవారు అంత ఎత్తుకు పోయేముందు డాక్టరును అడగండి.

చివరిగా ఒక మాట. స్కీయింగ్ నేర్చుకొనేవారికి మొదట నేర్పే పాఠాల్లో ఒకటి ఆగడం. రెండు పలకల ముందు కొనలు దగ్గరకు తెచ్చి, మడమలు ఎడం చేస్తే వేగం తగ్గి మనిషి నిలుస్తాడు. ఆగడం తెలియనివాణ్ణి పెద్ద వాలుమీదికి పంపరు. మేము ఔలి ఇంకా చూడలేదు గాని ఆ పాఠం మాత్రం హనుమాన్ జంక్షన్ టీకొట్టు దగ్గర నేర్చుకొన్నాం. అలసిపోయి వచ్చిన శిష్యులను ప్రభువు ఏకాంత స్థలానికి తీసుకొనిపోయిన సంగతి మార్కు సువార్త 6వ అధ్యాయంలో ఉంది. వారు పోయింది ఒక పడవలో, దగ్గరి తీరానికే.

మా బీరువాలో డబ్బాలోకి ఇప్పటికి ఏడు నెలల సొమ్ము చేరింది. ప్రతినెలా మొదటి శనివారం నలుగురం, నాయనమ్మతో అయిదుగురం, బల్లచుట్టూ కూర్చుని లెక్కపెట్టుకొంటాం. ఆ రాత్రి ట్యూషన్లు లేవు, ఫోన్లు లేవు. అందరం కలిసే భోంచేస్తాం. ఔలికి ఇంకా 18 నెలలుంది. ఆ మంచు మాకోసం పడుతుందో లేదో దేవునికే ఎరుక. ఈ శనివారాలు మాత్రం ఆయన మాకు ఇప్పుడే ఇచ్చాడు.