అనుసరణమునందు పాత్రధారణౌచిత్యము: హాలీవుడ్డు అనిమే చిత్రములు, పులిదిండి 'సాక్షి'

ఒక జాతి కథను మరియొక జాతి స్వీకరించుట సాహిత్యమున క్రొత్త విషయము కాదు. 11వ శతాబ్దమున రాజమహేంద్రవరమునందు నన్నయభట్టు భారతరచనకు పూనుకొన్ననాటి నుండియు తెలుగు కవులు ఇతరభాషలలోని కథలను తమ నేలకు తెచ్చుకొనుచునే యున్నారు. అయితే గ్రంథమున కథ దేశాంతరము వచ్చినపుడు పాత్ర యొక్క రూపమును పాఠకుడు తన మనస్సున తానే చిత్రించుకొనును. చలనచిత్రమున ఆ స్వేచ్ఛ లేదు. అచ్చట పాత్రకు ఒక దేహము, ఒక ముఖము, ఒక కంఠము ముందే నిర్ణయింపబడును. కావున 'ఈ పాత్రను ఎవరు ధరింపవలెను?' అను ప్రశ్న చలనచిత్రానుసరణమున కథను గూర్చిన ప్రశ్నయే యగుచున్నది.

జపాను దేశమున చేతిచిత్రములతో నిర్మింపబడు చలనచిత్రములకు 'అనిమే' అని పేరు. ఆ కథలను హాలీవుడ్డు నిర్మాతలు సజీవనటులతో పునర్నిర్మించునపుడు, జపాను పాత్రలకు శ్వేతజాతి నటులను నియోగించుట గత రెండు దశాబ్దములలో తీవ్రవివాదమునకు హేతువైనది. ఈ వివాదమునందలి ధర్మాధర్మములను వివరించుట ఈ వ్యాసమునకు ప్రయోజనము. అందులకు మేము ఒక తెలుగు చిత్రమును ఒరపిడిరాయిగ గ్రహించుచున్నాము. అది రావులపాలేనికి చేరువనున్న పులిదిండి గ్రామమున నిర్మితమై 1967లో విడుదలయైన 'సాక్షి'. హాలీవుడ్డు కథ గోదావరి డెల్టాకు వచ్చిన సందర్భమది. అనిమే చిత్రములయందు జపాను కథ హాలీవుడ్డుకు పోయినది. ఒకటి పెద్ద పరిశ్రమ నుండి చిన్న పల్లెకు వచ్చిన కథ. రెండవది మరియొక జాతి నుండి పెద్ద పరిశ్రమకు చేరిన కథ. ఈ రెండు ప్రయాణములను పోల్చినచో విషయము విశదమగును.

ముందుగా శాస్త్రమును చూతము. నాట్యశాస్త్రము పాత్రధారణను అనురూప, విరూప, రూపానురూపిణి అని మూడు విధములుగ విభజించినది. వయస్సును, లింగమును బట్టి తగినవారు తగిన పాత్రను ధరించుట అనురూప. బాలుడు వృద్ధపాత్రను, వృద్ధుడు బాలపాత్రను ధరించుట విరూప. పురుషుడు స్త్రీపాత్రను ధరించుట రూపానురూపిణి. ఈ మూడవ విధమునకు తెలుగు రంగస్థలమున గొప్ప చరిత్ర కలదు. సత్యభామగను, మధురవాణిగను స్థానం నరసింహారావుగారు పొందిన కీర్తి, కూచిపూడి భామాకలాపమున వేదాంతం సత్యనారాయణశర్మగారు పొందిన కీర్తి సుప్రసిద్ధములు. దీనివలన తేలునదేమనగా, నటునికిని పాత్రకును బాహ్యసాదృశ్యము తప్పనిసరియని మన సంప్రదాయము ఎన్నడును శాసింపలేదు. కాబట్టి 'జపాను పాత్రను జపానువారే ధరింపవలెను' అను వాదమును కేవలము ముఖసాదృశ్యము మీద నిలుపుట సాధ్యము కాదు.

అయినను రెండు విషయములు గమనింపదగినవి. స్థానంవారు సత్యభామను ధరించినపుడు సత్యభామ సత్యభామగనే యుండెను. ఆమె పేరు గాని, పుట్టింటి పరిచయము గాని, స్వభావము గాని మాయమై పోలేదు. ఇది కళకు సంబంధించినది. రెండవది అవకాశమునకు సంబంధించినది. పురుషులు స్త్రీపాత్రలను ధరించిన కాలమున రంగస్థలము స్త్రీలలో అధికసంఖ్యాకులకు మూయబడియే యుండెను. నటుని ప్రతిభ ఎంత గొప్పదైనను ఈ రెండవ విషయము అబద్ధము కాజాలదు. అనిమే వివాదమున ఈ రెండు ప్రశ్నలును కలిసిపోయి యున్నవి. వానిని విడదీసి చూడవలసి యున్నది.

ఇక ఉదాహరణములు. జపాను దూరదర్శినిలో 1967లో వెలువడిన పందెపు కారు కథ 'మాహా గో గో గో' 2008లో 'స్పీడ్ రేసర్' అను పేర హాలీవుడ్డు చిత్రమైనది. తొరియామా అకిరా 1984లో ఆరంభించిన 'డ్రాగన్ బాల్' కథ 2009లో 'డ్రాగన్ బాల్ ఎవల్యూషన్' అయినది. అందు గోకు అను నాయకపాత్రను జస్టిన్ చాట్విన్ అను కెనడా నటుడు ధరించెను. కథ ఉన్నతపాఠశాల విద్యార్థి సామాన్యకథగ మారిపోయెను. ఆ చిత్రమునకు రచన చేసిన బెన్ రామ్సీ 2016లో అభిమానులకు బహిరంగముగ క్షమాపణ చెప్పుకొనవలసి వచ్చెను.

అన్నిటికంటె ఎక్కువ చర్చకు గురియైనది 2017 నాటి 'ఘోస్ట్ ఇన్ ది షెల్'. షిరో మసామునె 1989లో ఆరంభించిన చిత్రకథకు 1995లో ఒషీ మమోరు అనిమే రూపమిచ్చెను. కుసనగి మొతోకో అను నాయిక అందు యంత్రదేహమున మానవమేధస్సు కలిగిన రక్షణాధికారిణి. హాలీవుడ్డు చిత్రమున ఈ పాత్రను స్కార్లెట్ జొహాన్సన్ ధరించెను. పాత్ర పేరు మీరా కిలియన్ అయినది. కథ నడచిన కొలది ఒక రహస్యము బయటపడును: ఆ యంత్రదేహములోని మేధస్సు మొతోకో అను జపాను బాలికది, ఆమె స్మృతులను తుడిచివేసి క్రొత్త పేరును, క్రొత్త ముఖమును ఇచ్చినారు. పాఠకులు ఇచ్చట ఒక్క క్షణము నిలువవలెను. జపాను బాలిక నుండి ఆమె ముఖమును, పేరును అపహరించుట కథలో దుష్టుల కృత్యము. అదే కార్యమును చిత్రనిర్మాణమున నిర్మాతలును చేసిరి. కథలోని అపహరణమును చిత్రము ఖండించుచున్నది. తన అపహరణమునకు ఆ కథనే సమర్థనముగ చూపుచున్నది. ఇంతకంటె స్పష్టమైన అనౌచిత్యమును చూపుట కష్టము.

నిర్మాతల పక్షమున చెప్పబడు వాదములును విచారింపదగినవే. అనిమే పాత్రల పెద్ద కన్నులు, రంగురంగుల కేశములు ఏ జాతికిని చెందవనియు, వానికి దేశీయత లేదనియు ఒక వాదము. ఈ లక్షణమును జపాను విమర్శకులు 'ముకొకుసెకి' అని వ్యవహరింతురు. యంత్రదేహము ధరించిన రూపమే కాబట్టి ఆసియా నటియే కావలెనను నియమము లేదని స్వయముగ ఒషీ మమోరు అభిప్రాయపడెను. జపాను ప్రేక్షకులలో పలువురు ఈ విషయమును తీవ్రముగ గ్రహింపలేదు కూడ. ఆగ్రహించినవారు ముఖ్యముగ అమెరికాలో స్థిరపడిన ఆసియా సంతతివారు.

ఈ భేదమునకు కారణము లేకపోలేదు. జపాను ప్రేక్షకునకు స్వదేశమున సంపన్నమైన చిత్రపరిశ్రమ కలదు. అందు నాయకుడును జపానువాడే, ప్రతినాయకుడును జపానువాడే. హాలీవుడ్డువారు ఒక పాత్రను తీసికొన్నంత మాత్రమున అతనికి తరుగునదేమియు లేదు. అమెరికాలో పుట్టి పెరిగిన ఆసియా నటునకు హాలీవుడ్డు తప్ప వేరు దిక్కు లేదు. తన పూర్వుల దేశమున పుట్టిన నాయకపాత్ర వచ్చినపుడు కూడ ఆ ద్వారము మూసికొన్నచో, అతనికి ఇక మిగులునది వంటవాని వేషమో, దుండగీని వేషమో మాత్రమే. కావున ఒషీ చెప్పినది కళాప్రశ్నకు సమాధానమే గాని అవకాశప్రశ్నకు సమాధానము కాదు.

అట్లయిన కథను పూర్తిగ క్రొత్త నేలకు మార్చినచో దోషము తొలగునా? కురొసావా అకిరా 1954లో నిర్మించిన 'సెవెన్ సమురాయ్' కథను 1960లో 'ది మాగ్నిఫిసెంట్ సెవెన్' అను పేర అమెరికావారు మెక్సికో పల్లెకు తరలించిరి. ఖడ్గధారులు తుపాకివీరులైరి. ఇచ్చట జపాను పాత్రలకు అన్యాయము జరిగినదనుటకు వీలులేదు. ఏలయన ఆ పాత్రలు అందు లేవు. కాని మెక్సికో దోపిడిగాండ్ర నాయకుని వేషము న్యూయార్కు నటుడైన ఈలై వాలక్కును, మెక్సికో యువకుని వేషము జర్మను నటుడైన హోర్స్ట్ బుక్‌హోల్ట్సును ధరించిరి. అనగా పాత నేల ఋణము తీరినది గాని, క్రొత్త నేల ఋణము తీరలేదు. 2017 నాటి 'డెత్ నోట్' చిత్రమున ఇంకొక విధమైన లోపము కలదు. యగామి లైట్ అను జపాను విద్యార్థి సియాటిల్ నగరమున లైట్ టర్నర్ అయినాడు. కాని జపాను మృత్యుదేవతయైన ర్యూకు మాత్రము అట్లే యుండెను. 'కిరా' అను పేరు హంతకుడను అర్థముగల ఆంగ్లపదమునకు జపాను ఉచ్చారణము. జపానులో సహజమైన ఆ పేరునకు సియాటిల్‌లో ఒక కారణమును కల్పించి చెప్పవలసి వచ్చెను. చెట్టును పెకలించి తెచ్చిరి గాని వేరునకు మన్ను దొరకలేదు.

ఇట్లు అనుసరణకర్త తీర్పవలసిన ఋణములు రెండని తేలుచున్నది: కథ పుట్టిన నేల ఋణము, కథ చేరిన నేల ఋణము. ఈ రెండవ ఋణమును తీర్చిన తీరునకు 'సాక్షి' మంచి ఉదాహరణము.

ఫ్రెడ్ జిన్నెమాన్ 1952లో నిర్మించిన 'హై నూన్' చిత్రమున విల్ కేన్ అను రక్షకాధికారి నాయకుడు. తాను శిక్ష వేయించిన హంతకుడు మధ్యాహ్నపు రైలులో పగ తీర్చుకొనుటకు వచ్చుచున్నాడు. సాయమడుగగా ఊరివారు ఒక్కొక్కరుగ మొగము చాటువేయుదురు. ఈ ఛాయను గ్రహించి ముళ్లపూడి వెంకటరమణగారు వ్రాసిన కథను బాపుగారు తమ తొలి చిత్రముగ నిర్మించిరి. రమణగారి జన్మస్థలము ధవళేశ్వరము, బాపుగారిది నరసాపురము. ఇద్దరును గోదావరి సీమలో పుట్టినవారు. పైగా బాపుగారు చిత్రకారులు. బొమ్మకును మనిషికిని గల భేదమును ఎరిగినవారు.

వారు చేసిన మార్పులు గమనింపుడు. నాయకుడు అధికారి కాడు. రేవులో జనులను దాటించి జీవించు అమాయకుడు. అతనికి బిళ్ల లేదు, తుపాకి లేదు. అతడు చేసిన నేరము తాను చూచిన హత్యను న్యాయస్థానమున నిజముగ చెప్పుట మాత్రమే. గౌతమీ వసిష్ఠల నడుమనున్న ఈ సీమలో వంతెనలు ఏర్పడక పూర్వము రేవే గ్రామమునకు ద్వారము. రేవు దాటించువాని చేతి సాయము పొందని గృహస్థు ఊరిలో ఉండడు. అట్టివానికి ఆపద వచ్చినపుడు తలుపులు మూసికొన్న ఊరి కృతఘ్నత, అధికారికి సాయపడని ఊరి పిరికితనము కంటె ఎక్కువగ మనస్సును కలచివేయును. మూలమున భార్య అహింసావ్రతము కలిగిన క్వేకరు మతస్థురాలు. ధర్మసంకటము ఆమె విశ్వాసము నుండి పుట్టినది. తెలుగున నాయిక ఆ హంతకునికే చెల్లెలు. ధర్మసంకటము రక్తసంబంధము నుండి పుట్టినది. మూలకథలోని ప్రాణము నిలిచినది. దాని దేహము మాత్రము పూర్తిగ ఈ నేలదైనది.

పాత్రధారణ విషయమున కూడ ఈ చిత్రము విచారణీయము. నాయకుడైన కృష్ణగారు గోదావరి సీమవారు కారు. తెనాలి చెంతనున్న బుర్రిపాలెమువారు. నాయిక విజయనిర్మలగారు. ప్రధానపాత్రలకు ఆ గ్రామమువారినే తీసికొనవలెనను నియమము నిర్మాతలు పెట్టుకొనలేదు. కాని మద్రాసు స్టూడియోలో పల్లెటూరి అట్టగోడలు నిలుపుటకు మారుగ, నటులనే పులిదిండికి తీసికొనివచ్చిరి. ఆ గ్రామపు వీథులు, ఆ గ్రామపు జనులు చిత్రమున కన్పట్టుదురు. పరాయి ఊరి నటుడు అసలైన ఊరి నడుమ నిలిచినపుడు ఆ ఊరే అతనికి ప్రమాణమగును. అతని నడకను, మాటను ఊరు దిద్దును. ఒక్క ముఖము పరాయిదైనను లోకము స్వకీయమైనచో ఔచిత్యము చెడదు. 'ఘోస్ట్ ఇన్ ది షెల్' చిత్రమున దీనికి విపర్యయము జరిగినది. అందు నగరమంతయు ఆసియా వేషము ధరించి యుండును. దాని నడుమ తిరుగు నాయిక మాత్రము ఆ నగరపు బిడ్డ కాదు. అచ్చట లోకము అలంకారముగ మిగిలినది.

హాలీవుడ్డు ఈ పాఠమును కొంత నేర్చుకొన్నట్లు 2023 నాటి 'వన్ పీస్' ధారావాహిక సూచించుచున్నది. మూలకర్తయైన ఒదా ఐచిరో దాని నిర్మాణమున పాల్గొనెను. తన నావికులు మన లోకమున ఏయే దేశములకు చెందుదురో ఆయన పూర్వమే పాఠకులకు చెప్పియుండెను: లూఫీ బ్రెజిల్‌వాడు, జోరో జపానువాడు, ఇత్యాదిగ. లూఫీ వేషమును మెక్సికో నటుడు ఇన్యాకి గొదోయ్, జోరో వేషమును జపాను నటుడు మకెన్యూ ధరించిరి. లూఫీకి బ్రెజిల్ నటుడే రాలేదు. అయినను ఆక్షేపణము పుట్టలేదు. పాత్ర యొక్క భావమును గౌరవించినచో ప్రేక్షకుడు అక్షరమును పట్టి పీడింపడని దీనివలన తెలియుచున్నది.

ఇతరుల దోషములను ఎన్నుటతో మన కర్తవ్యము తీరదు. 2021లో వచ్చిన 'ఉప్పెన' కాకినాడ చేరువనున్న ఉప్పాడ తీరపు కథ. అందు ముఖ్యమైన తండ్రిపాత్రను తమిళనటుడు విజయ్ సేతుపతి ధరింపగా, కంఠమును పి. రవిశంకర్ అరువిచ్చిరి. తెలుగు నాయికపాత్రలకు పరభాషానటీమణులను తెచ్చి, వేరొకరి కంఠమును అతికించుట మన పరిశ్రమలో చిరకాలముగ నడచుచున్న ఆచారము. ఆయా నటుల ప్రతిభను మేము శంకింపము. కాని గోదావరి యాసను పుట్టుకతో పలుకు యువతి ఆ వేషమునకు పిలువబడనపుడు, అమెరికాలోని ఆసియా నటుని మొరకును ఆమె మొరకును భేదమేమి? 2018 నాటి 'కేరాఫ్ కంచరపాలెం' విశాఖపట్టణమున ఆ పేటవారితోనే అధికభాగము నటింపజేసి వేరొక మార్గమును చూపినది. ఆ దర్శకుడే 2020లో ఇడుక్కి కొండలలోని మలయాళకథ 'మహేషింటె ప్రతికారం'ను అరకు లోయకు 'ఉమామహేశ్వర ఉగ్రరూపస్య'గ తెచ్చెను. కొండకు కొండ, లోయకు లోయ సరిపోయినవి.

కావున పరిశోధకులు ఒక అనుసరణమును పరిశీలించునపుడు వేసికొనదగిన ప్రశ్నలు మూడు. మార్పు వలన కథ క్రొత్త నేలలో వేరూనినదా? పాత నేలకు చెందిన పాత్ర మిగిలియుండగా దాని పేరును, పుట్టుకను దాచినారా? ఈ నియోగము వలన ఎవరికి ద్వారము మూతపడినది? మొదటిది ఔచిత్యమునకు, రెండవది నిజాయితీకి, మూడవది న్యాయమునకు సంబంధించినది. ముఖసాదృశ్యము ఈ మూడింటిలో దేనికిని బదులు కాజాలదు.

పులిదిండిలో ఆనాడు కెమెరా ముందు నిలిచిన గ్రామస్థుల స్మృతులు లిఖితరూపమున భద్రపరుపదగినవి. నటుల జీవితములు గ్రంథములకెక్కుచున్నవి. నటులకు ఊరునిచ్చిన వారి మాట ఎక్కవలసి యున్నది. రావులపాలెము పరిసరములలోని కళాశాలల విద్యార్థులు ఈ కార్యమునకు పూనుకొన్నచో, పరదేశకథ ఒక తెలుగు పల్లెలో ఎట్లు తెలుగుకథ యైనదో ఆ పల్లెవారి నోటనే వినగలము. అర్ధశతాబ్దము గడచిపోయినది, ఈ పని ఆలస్యమునకు ఓర్చునది కాదు.