జామాయిల్‌కి చోటుంది, పోడు రైతుకి లేదా?

నందిగామ, జగ్గయ్యపేట వైపు సుబాబుల్, జామాయిల్ కర్ర లారీలు చూస్తానే ఉంటాం. ఆ కర్ర కాయితం మిల్లుకెళ్ళుద్ది. చెట్టేసిన మన మెట్ట రైతుకి గొడవంతా రేటు దగ్గరే. భూమి మాత్రం ఆయనదే, పట్టా ఉంది. ఏజెన్సీలో అట్టా కాదు. అక్కడ అసలు భూమి ఎవరిదన్న దగ్గరే తగాదా.

ఇదెట్టా మొదలైందో చెప్తా. 1882లో తెల్లోళ్ళు మద్రాసు అడవుల చట్టం తెచ్చారు. అడవికి గీత గీసి 'రిజర్వు' అన్నారు. కలప సర్కారుదైంది. తాతల నాటి నుంచి పోడు చేసుకునేవాడు తన కొండ మీదే దొంగయ్యాడు. 1922లో మన్యం జనం అల్లూరి సీతారామరాజు వెనక నిలబడ్డారంటే ఆ మంట కూడా ఒక కారణం.

తెల్లోళ్ళు పోయారు గానీ గీత పోలా. 1975లో మన సర్కారు అటవీ అభివృద్ధి సంస్థ పెట్టి జామాయిల్, వెదురు తోటలేయించింది. తోట గుంటలు పోడు చెక్కలోకొచ్చిన చోటల్లా తగువే. ఇంకో మాట, మనకి చేదైనా చెప్పాలి. కింద నుంచి కొండకెళ్ళి గిరిజనుల భూమి పట్టుకున్నోళ్ళలో మన డెల్టావాళ్ళూ ఉన్నారు. షెడ్యూల్డ్ ప్రాంతంలో గిరిజనేతరులు భూమి కొనకూడదని 1970 నాటి 1/70 చట్టం చెప్తానే ఉంది.

2006లో అటవీ హక్కుల చట్టం వచ్చింది. 2005 డిసెంబరు 13 నాటికి సాగులో ఉన్న గిరిజనుడికి పదెకరాల దాకా హక్కు. గిరిజనేతరులైతే మూడు తరాలు, అంటే 75 ఏళ్ళు, అక్కడే బతికినట్టు చూపాలి. పట్టా భార్యాభర్తలిద్దరి పేరునా ఇస్తారు. వారసులకొస్తది, అమ్మడానికి లేదు. వెదురు మీదా హక్కుంది. దరఖాస్తు తీసుకోవాల్సింది గ్రామసభ. విచారణ తేలేదాకా ఖాళీ చేయించకూడదు.

అయినా 2019 ఫిబ్రవరి 13న, దరఖాస్తు కొట్టేసినోళ్ళని ఖాళీ చేయించమని సుప్రీంకోర్టు చెప్పింది. దేశమంతా గోల లేచాక అదే నెల 28న తనే ఆపింది. అంటే లక్షల కుటుంబాల బతుకు ఒక్క కాయితం మీద వేలాడతందన్నమాట.

అందుకే తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, మీ స్నేహితులెవరైనా కొండ మీదుంటే ఈ ముక్కలు చెప్పండి. దరఖాస్తు కొట్టేస్తే కారణం రాతలో అడగాలి, అరవై రోజుల్లో పైకమిటీకి పెట్టుకోవాలి. రికార్డు లేకపోయినా ఊరి పెద్దల వాంగ్మూలం కూడా సాక్ష్యమే, రాయించుకోండి.

మన పొలం గట్టు జానెడు జరిగితే ఊరంతా పంచాయితీ పెడతాం. వాళ్ళది కొండకి కొండే జరిగిపోయింది.