నడుము నొప్పికి కృత్రిమ డిస్క్: ఎవరికి ఉపయోగం, ఎవరికి అనవసరం

పెద్ద అంబర్‌పేట్ (రంగారెడ్డి జిల్లా): పాత్రికేయుల, అధికారుల సమాచారం నిమిత్తం ప్రత్యేక వ్యాసం.

హైదరాబాద్ - విజయవాడ జాతీయ రహదారి ఔటర్ రింగ్ రోడ్డును కలిసే చోట ఉన్న ఊరు పెద్ద అంబర్‌పేట్. సరకు లారీలు, ప్రైవేటు బస్సులు రాత్రింబవళ్లు ఆగి సాగే కూడలి ఇది. సమీపంలోనే గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్‌కు తాత్కాలిక స్థానంగా ఇచ్చిన బాటసింగారం, ఇబ్రహీంపట్నం వైపున మంగళ్‌పల్లి సరకుల నిల్వ కేంద్రం ఉన్నాయి. డ్రైవర్లు, హమాలీలు, కూరగాయల తోటలలో రోజంతా వంగి పనిచేసే మహిళలు ఈ ప్రాంత శ్రామిక జనంలో గణనీయంగా ఉన్నారు. గంటల తరబడి కుదుపుల మధ్య కూర్చోవడం, నడుము వంచి బరువులు లేపడం, ఈ రెండూ నడుము నొప్పికి దోహదం చేసేవేనని వృత్తి ఆరోగ్య శాస్త్రం చాలాకాలంగా చెబుతూనే ఉన్నది.

ఈ నొప్పికి "కృత్రిమ డిస్క్ అమరిక" అనే శస్త్రచికిత్స గురించి వార్తలలోను, ప్రకటనలలోను తరచుగా వినవస్తున్నది. అరిగిన డిస్క్ తీసివేసి కొత్తది పెడితే మనిషి మళ్లీ మామూలుగా పనికి పోగలడన్నది వినడానికి సులువైన మాట. కానీ కూలిపై బతికే కుటుంబం ఆ మాటను నమ్మి అప్పు చేసి ఆపరేషన్ చేయించుకున్న పిమ్మట నొప్పి అలాగే ఉండిపోతే, ఆ నష్టాన్ని తీర్చే మార్గం ఉండదు. అందువల్ల ఆర్థిక సహాయపు దరఖాస్తును పరిశీలించే అధికారికి, "అద్భుత చికిత్స" అని శీర్షిక పెట్టబోయే విలేఖరికి ఈ విషయంలో కొంత స్పష్టత అవసరం.

మనిషి వెన్నెముకలో పూసకు పూసకు మధ్య మెత్తల వంటి డిస్కులు 23 ఉంటాయి. ప్రతి డిస్క్‌కు వెలుపల గట్టి నారల వలయం, లోపల నీరు నిండిన జిగురు వంటి పదార్థం ఉంటాయి. బాల్యం దాటిన తరువాత డిస్క్‌కు నేరుగా రక్త సరఫరా దాదాపు ఉండదు. చుట్టుపక్కల నుంచి ఊరే పోషకాలపైనే అది ఆధారపడుతుంది. దెబ్బతిన్న డిస్క్ చర్మం వలె, ఎముక వలె త్వరగా మానకపోవడానికి ఇదే కారణం. నడుము భాగంలో బరువంతా మోసే చివరి రెండు డిస్కులు, అనగా నాలుగవ, ఐదవ కటి పూసల మధ్య ఉన్నది, ఐదవ పూసకు త్రికాస్థికి మధ్య ఉన్నది, అందరికన్నా ముందుగా అరుగుతాయి.

అయితే అరుగుదల వేరు, నొప్పి వేరు. ఈ తేడా తెలియకపోవడం వల్లనే చాలా పొరపాట్లు జరుగుతున్నాయి. ఏ నొప్పీ లేని వ్యక్తులకు తీసిన స్కానింగ్ చిత్రాలను క్రోడీకరించి 2015లో ప్రచురించిన ఒక సమీక్ష ప్రకారం, 20 సంవత్సరాల వయసువారిలో 37 శాతం మందికి, 80 సంవత్సరాల వయసువారిలో 96 శాతం మందికి డిస్క్ అరుగుదల కనిపించింది. నొప్పి లేనివారి లెక్క ఇది! కాబట్టి ఎం.ఆర్.ఐ. నివేదికలో "డిస్క్ అరిగినది" అని రాసి ఉన్నంత మాత్రాన నొప్పికి మూలం అదేనని తేల్చడానికి వీలులేదు. తల నెరిసినట్లే డిస్కూ వయసుతో పాటు ఎండిపోతుంది. సహాయ దరఖాస్తుకు జతపరచిన నివేదికలో ఈ వాక్యం ఒక్కటే ఆధారమైతే, అది శస్త్రచికిత్సకు ఆధారం కాజాలదు.

ప్రపంచవ్యాప్తంగా 2020లో 61.9 కోట్ల మంది నడుము నొప్పితో బాధపడినట్లు, 2050 నాటికి ఈ సంఖ్య 84.3 కోట్లకు చేరవచ్చునని 2023లో వెలువడిన అంతర్జాతీయ అధ్యయనం అంచనా వేసింది. కొత్తగా వచ్చే నడుము నొప్పిలో అధికభాగం కొన్ని వారాలలో దానంతట అదే తగ్గుతుంది. 12 వారాలు దాటి నిలిచిన దానినే దీర్ఘకాలిక నొప్పి అంటారు. కృత్రిమ డిస్క్ ప్రస్తావన వచ్చేది ఈ రెండవ వర్గంలో, అది కూడా మందులు, వ్యాయామ చికిత్స కనీసం ఆరు నెలలు సక్రమంగా సాగినా ఫలితం లేని కొద్దిమంది విషయంలో మాత్రమే.

కృత్రిమ డిస్క్ రాక ముందు, అరిగిన డిస్క్‌ను తొలగించి పై పూసను కింది పూసతో అతికించివేసే ఫ్యూజన్ పద్ధతి ప్రధానంగా ఉండేది. దానివల్ల ఆ చోట కదలిక ఆగిపోతుంది, పక్క పూసలపై భారం పెరుగుతుంది. మోకాలి కీలు మార్చినట్లు డిస్క్‌ను కూడా మార్చి కదలికను నిలపలేమా అన్న ఆలోచన అక్కడి నుంచే పుట్టింది. స్వీడన్ వైద్యుడు ఉల్ఫ్ ఫెర్న్‌స్ట్రామ్ పూసల మధ్య ఉక్కు గోళాలను అమర్చి చూశారు. అవి కాలక్రమేణా ఎముకలోకి కుంగిపోవడంతో ఆ పద్ధతి నిలబడలేదు. 1980 దశకంలో తూర్పు బెర్లిన్‌లోని షారిటే ఆసుపత్రిలో కర్ట్ షెల్నాక్, కారిన్ బ్యూట్నర్-యాంజ్ రెండు లోహపు పలకల నడుమ జారే ప్లాస్టిక్ బిళ్ల గల డిస్క్‌ను రూపొందించారు. 1984లో తొలిసారి దానిని రోగికి అమర్చారు. ఈ కారిన్ 1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌లో రెండు స్వర్ణ పతకాలు గెలిచిన జిమ్నాస్ట్ అన్న సంగతి క్రీడా విలేఖరులకు ఆసక్తి కలిగించవచ్చు. వెన్ను విల్లులా వంచే క్రీడ నుంచి వచ్చిన వైద్యురాలు వెన్ను కదలికను కాపాడే సాధనాన్ని తయారుచేశారు.

అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఈ షారిటే డిస్క్‌కు 2004 అక్టోబరులో, ఫ్రెంచి వైద్యుడు థియరీ మార్నే రూపకల్పన చేసిన ప్రోడిస్క్-ఎల్‌కు 2006లో, యాక్టివ్-ఎల్ అనే మరొక రకానికి 2015లో అనుమతి ఇచ్చింది. వీటిలో మొదటిదైన షారిటే తరువాతి కాలంలో మార్కెట్ నుంచే తప్పుకున్నది. నేడు వాడుకలో ఉన్న రకాలలో ఎక్కువభాగం కోబాల్ట్-క్రోమియం మిశ్రమలోహపు పలకలు, వాటి మధ్య గట్టి పాలిథిలీన్ భాగం కలిగి ఉంటాయి.

శస్త్రచికిత్స వీపు వైపు నుంచి కాక కడుపు వైపు నుంచి జరుగుతుంది. పేగులను వాటి పొరతో సహా పక్కకు జరిపి, వెన్నెముక ముందు పడుకొని ఉన్న పెద్ద రక్తనాళాలను తప్పించి, అరిగిన డిస్క్‌ను తొలగించి కొత్తదానిని సరిగ్గా మధ్యలో అమర్చాలి. ఆ రక్తనాళాలకు గాయమైతే ప్రాణాపాయం. అందుకే అనుభవజ్ఞులైన కేంద్రాలలో రక్తనాళాల శస్త్రవైద్యుడు కూడా బృందంలో ఉంటారు. పురుషులలో వీర్యస్ఖలనానికి సంబంధించిన నరాలు దెబ్బతిని సంతాన సమస్య తలెత్తే అవకాశం కొద్దిపాటిగా ఉన్నది. ఇంకా పిల్లలు కావాలనుకునే యువకుడికి ఈ విషయం ముందుగా చెప్పకపోవడం అన్యాయం. అమర్చిన డిస్క్ ఎముకలోకి కుంగడం, స్థానం తప్పడం, ప్లాస్టిక్ భాగం అరగడం కూడా జరగవచ్చు. రెండవసారి అదే దారిలో ఆపరేషన్ చేయవలసి వస్తే, రక్తనాళాల చుట్టూ మచ్చకండ ఏర్పడి ఉండడం వల్ల అది మొదటిదానికంటే చాలా ప్రమాదకరం.

ఒకటి, మహా అయితే రెండు డిస్కులు మాత్రమే చెడిపోయి, నడుము నొప్పి ప్రధాన బాధగా ఉన్న నడివయసు లోపు వారికే ఇది సరిపోతుంది. ఎముకలు గుల్లబారినవారు, వెన్ను వెనుక భాగపు చిన్న కీళ్లు అరిగినవారు, పూస ముందుకు జారినవారు, వెన్నులో ఇన్‌ఫెక్షన్ ఉన్నవారు, నరాల దారి ఇరుకైనవారు దీనికి అర్హులు కారు. ఈ జాబితాను ఒకసారి సరిచూస్తే, నడుము నొప్పితో వచ్చే వృద్ధులలో అత్యధికులు దీని పరిధిలోకి రారని అర్థమవుతుంది. అమెరికాలో వృద్ధుల ప్రభుత్వ బీమా అయిన మెడికేర్ 60 సంవత్సరాలు దాటినవారి నడుము డిస్క్ మార్పిడికి చెల్లింపు చేయరాదని 2007లోనే నిర్ణయించింది.

ఇక ఫలితాల సంగతి. షారిటే డిస్క్‌కు అనుమతి తెచ్చిన అమెరికా పరీక్షలో 304 మంది రోగులను తీసుకొని, కొత్త డిస్క్‌ను ఒక రకం ఫ్యూజన్‌తో పోల్చారు. డిస్క్ అంతకంటే తక్కువ కాదని తేలింది. అయితే పోలికకు ఎంచుకున్న ఆ ఫ్యూజన్ పద్ధతే అంత మంచిది కాదన్న విమర్శ వెంటనే వచ్చింది. బలహీనుడితో పరుగుపందెంలో సమానంగా నిలవడం గెలుపు ఎలా అవుతుంది?

అసలు ప్రశ్న వేసినవారు నార్వే వైద్యులు. ఆ దేశంలోని ఐదు విశ్వవిద్యాలయ ఆసుపత్రులలో 25 నుంచి 55 సంవత్సరాల మధ్య వయసున్న 173 మందిని రెండు వర్గాలుగా విభజించి, ఒక వర్గానికి కృత్రిమ డిస్క్ అమర్చారు. మరొక వర్గానికి మూడు నుంచి ఐదు వారాలలో సుమారు 60 గంటల పాటు వ్యాయామం, కౌన్సెలింగ్, నొప్పిపై భయం పోగొట్టే శిక్షణ ఇచ్చారు. 2011లో వెలువడిన రెండేళ్ల ఫలితాలలో ఇరు వర్గాలవారూ మెరుగుపడ్డారు. శస్త్రచికిత్స పొందినవారు నూరు పాయింట్ల వైకల్య సూచికపై 8.4 పాయింట్లు ఎక్కువ మెరుగుపడ్డారు. రోగికి స్పష్టంగా తెలిసేంత తేడా అనడానికి పరిశోధకులు ముందే పెట్టుకున్న కొలత 10 పాయింట్లు. శస్త్రచికిత్స వర్గంలో ఒకరికి రక్తనాళం దెబ్బతిని చివరకు కాలి దిగువ భాగాన్ని తొలగించవలసి వచ్చింది. 8 సంవత్సరాల తరువాత చూసినపుడు కూడా మొగ్గు శస్త్రచికిత్స వైపే ఉన్నది, అయితే తేడా ఇంకొంత తగ్గింది.

అంటే ఈ చికిత్స బూటకమని కాదు. తగిన రోగికి, తగిన చేతులలో ఇది మేలు చేస్తుంది. కానీ ఆ మేలు ప్రకటనలలో వినిపించేంత పెద్దది కాదు, ప్రమాదం మాత్రం నిజమైనది. 2012 నాటి కోక్రేన్ సమీక్ష కూడా ఈ పద్ధతిని విస్తృతంగా చేపట్టడంలో జాగ్రత్త అవసరమని హెచ్చరించింది. బ్రిటన్ జాతీయ ఆరోగ్య మార్గదర్శక సంస్థ నైస్ 2016లో మరింత ముందుకు వెళ్లి, నడుము నొప్పికి డిస్క్ మార్పిడి చేయవద్దని సూటిగా చెప్పింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 డిసెంబరులో విడుదల చేసిన దీర్ఘకాలిక నడుము నొప్పి మార్గదర్శకాలు పూర్తిగా శస్త్రచికిత్సేతర చికిత్సలకే సంబంధించినవి.

నార్వే ప్రయోగంలోని 60 గంటల విషయం మన ప్రాంతానికి మరీ ముఖ్యం. పెద్ద అంబర్‌పేట్‌లో దినకూలీ చేసుకునే హమాలీకి అన్ని గంటల వ్యాయామ చికిత్స అంటే కొన్ని వారాల కూలి పోవడమే. ఆపరేషన్‌కు సహాయం కోరే దరఖాస్తుకు ఒక నమూనా, ఒక మార్గం ఉన్నాయి. వ్యాయామం కోసం పోయిన కూలికి సహాయం అడగాలన్న ఆలోచనే చాలామందికి రాదు. ఖరీదైన దారికి తలుపు తెరిచి ఉండి, చవకైన దారి మూసుకొని ఉండడం ఇక్కడి అసలు చిక్కు. నిల్వ కేంద్రాలు, రవాణా సంస్థలలో ఈ.ఎస్.ఐ. పరిధిలో ఉన్న కార్మికులకు ఒక వెసులుబాటు గలదు. నిర్ణీత చందా రోజులు పూర్తయినవారికి వైద్యుని ధ్రువపత్రంపై సంవత్సరంలో 91 రోజుల వరకు వేతనంలో 70 శాతం అనారోగ్య భృతిగా లభిస్తుంది. సంఘటిత రంగంలో లేని హమాలీకి, సొంత లారీ డ్రైవరుకు ఇది వర్తించదు.

2007 ఏప్రిల్‌లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని మూడు జిల్లాలలో ప్రారంభమైన ఆరోగ్యశ్రీ పథకానికి తెలంగాణలో 2023 డిసెంబరులో కుటుంబానికి పరిమితిని 10 లక్షల రూపాయలకు పెంచడం జరిగినది. పథకం కింద ముందుగా నిర్ణయించిన చికిత్సలకే, ముందస్తు అనుమతి పొందిన పిమ్మటే చెల్లింపు ఉంటుంది. కనుక "ఆరోగ్యశ్రీలో అన్నీ ఉచితం" అన్న నోటిమాటపై ఆధారపడక, ప్రతిపాదిత చికిత్స జాబితాలో ఉన్నదో లేదో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్ర వద్ద నిర్ధారించుకోవలెను. ముఖ్యమంత్రి సహాయనిధి నుంచి సిఫారసు కోరే సందర్భాలలో ఆపరేషన్ సూచించిన ఆసుపత్రితో సంబంధం లేని నిపుణుని రెండవ అభిప్రాయం జతపరచమని కోరడం ఉచితం. హైదరాబాద్ పంజాగుట్టలోని నిమ్స్ ఒకప్పుడు ఎముకల ఆసుపత్రిగా ఆరంభమైన సంస్థ; అటువంటి అభిప్రాయానికి అది అనువైన చోటు.

పాత్రికేయ మిత్రులకు ఒక మాట. 2002 నాటి భారత వైద్య మండలి వృత్తి ప్రవర్తనా నియమావళి వైద్యులు ప్రకటనల ద్వారా రోగులను ఆకర్షించడాన్ని నిషేధించింది. విజయవంతమైన ఆపరేషన్ అంటూ మరుసటి రోజు పంపే ఛాయాచిత్రానికి వార్తావిలువ తక్కువ. రోగి లేచి నడవడం సాధారణంగా ఆ ఒకటి రెండు రోజులలోనే జరుగుతుంది. రెండేళ్ల తరువాత ఆ రోగి ఏ పని చేయగలుగుతున్నాడు, మందులు మానగలిగాడా, మళ్లీ ఆపరేషన్ అవసరమైందా అన్నవి అడగవలసినవి. అమర్చిన పరికరం పేరు, తయారీ సంఖ్య తప్పక నమోదు కావలెను. పరికరాల వల్ల కలిగే హానిని నివేదించడానికి 2015 జులైలో ఆరంభమైన జాతీయ మెటీరియోవిజిలెన్స్ కార్యక్రమం ఉన్నది. దీని గురించి మన వార్తాపత్రికలలో చాలా అరుదుగా వస్తుంది.

నడుము నొప్పితో పాటు మూత్రం ఆగిపోవడం లేదా అదుపు తప్పడం, కూర్చునే భాగంలో స్పర్శ పోవడం, రెండు కాళ్లు బలహీనపడడం కనిపిస్తే ఆరు నెలల వేచిచూపు వర్తించదు. వెన్ను చివరి నరాలు నొక్కుకుపోతున్నాయనడానికి అవి సూచనలు. ఆ రోజే పెద్ద ఆసుపత్రికి చేర్చవలెను. జ్వరం, బరువు తగ్గడం, గతంలో క్యాన్సర్ ఉండడం, పెద్ద దెబ్బ తగలడం కూడా వెంటనే పరీక్షించవలసినవే. రాత్రివేళ అత్యవసరమైతే 108 వాహనాన్ని పిలవవచ్చు.

శస్త్రచికిత్సకు సమ్మతి పత్రంపై సంతకం విషయంలో సుప్రీంకోర్టు 2008 జనవరిలో సమీరా కోహ్లీ కేసులో తీర్పు ఇస్తూ, చికిత్స స్వభావం, ప్రత్యామ్నాయాలు, ప్రమాదాలు రోగికి తెలిపిన తరువాతే సమ్మతి చెల్లుతుందని స్పష్టం చేసింది. కృత్రిమ డిస్క్ విషయంలో ప్రత్యామ్నాయాలు అంటే ఫ్యూజన్ మాత్రమే కాదు, వ్యాయామ చికిత్స కూడా. ఇది పత్రంలో తెలుగులో రాసి ఉండాలని రోగి కోరవచ్చు. స్కానింగ్ చిత్రాలతో సహా వైద్య రికార్డులను అడిగిన 72 గంటలలో ఇవ్వవలసిన బాధ్యత పై నియమావళి ప్రకారం వైద్యునిపై ఉన్నది. రెండవ అభిప్రాయానికి వెళ్లే వ్యక్తి ఆ ఎం.ఆర్.ఐ.ని మళ్లీ డబ్బు పెట్టి తీయించుకోవలసిన అవసరం లేదు.