పంపకంలో మనుషులు

మా తాతగారు ఊళ్ళో పంపకాల పెద్దమనిషి. రెండో పెళ్ళి పిల్లలున్న ఇంట తగవు వచ్చిందంటే ఆయనకు కబురు వచ్చేది. అరుగు మీద కూర్చుని ఆయన మొట్టమొదట అడిగే మాట ఒక్కటే: "ఎవరి సొత్తు ఎవరి చేతిలో ఉందో ముందది తేల్చండి." చేతిలో ఉన్నదల్లా సొంతం కాదని ఆయన భావం. అమెరికా చరిత్ర చదువుతున్నప్పుడు ఆ మాట నాకు పదే పదే జ్ఞాపకం వచ్చింది. అమెరికా ప్రథమాధ్యక్షుడు జార్జి వాషింగ్టన్ ఇంట్లో అక్షరాలా నలభై ఐదేళ్ళు నడిచిన ఒక పంపకం కథ మిత్రులకు చెప్పాలని ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

వర్జీనియా అప్పటికింకా ఇంగ్లండు వలస. అక్కడి పెద్ద భూస్వాములలో ఒకడైన డేనియల్ పార్క్ కస్టిస్ 1757లో వీలునామా వ్రాయకుండానే కన్నుమూశాడు. భార్య మార్తాకు అప్పటికి ఇరవై ఆరేళ్ళు. కొడుకు జాకీ, కూతురు ప్యాట్సీ ఇద్దరూ పసివాళ్ళే. ఆస్తి మాత్రం సామాన్యమైనది కాదు: పదిహేడు వేల ఎకరాలకు పైగా భూమి, సుమారు మూడు వందల మంది బానిసలు, నగదు, సామాను.

వీలునామా లేదు గనుక చట్టమే పంచింది. నగదు, సామాను వంటి చరాస్తి తల్లికి, ఇద్దరు పిల్లలకు తలా మూడో వంతు. భూమి సంగతి వేరు. అందులో వితంతువుకు మూడో వంతు వస్తుంది గాని, అది బ్రతికున్నన్నాళ్ళు అనుభవించడానికే. అమ్మరాదు, దానం చేయరాదు. ఆమె తదనంతరం అది మొదటి భర్త వారసులకే చేరాలి. 1956 హిందూ వారసత్వ చట్టం రాకముందు మన దేశంలో వితంతువులకుండిన పరిమిత హక్కు తెలిసినవారికి ఇది సులభంగానే బోధపడుతుంది. మిగిలిన భూమి అంతా కొడుకుది. కూతురికి భూమిలో భాగం లేదు.

మరి బానిసలు? అసలు చిక్కంతా ఇక్కడే ఉంది. 1705 నాటి వర్జీనియా చట్టం వారసత్వ విషయంలో బానిసలను భూమితో సమానంగా, స్థిరాస్తిగా లెక్కగట్టింది. కనుక మార్తా మూడో వంతులోకి వచ్చిన ఎనభై మందికి పైగా మనుషులు కూడా జీవితకాలపు అనుభవానికే. అంతకు ముందే, 1662లో, బిడ్డకు తల్లి స్థితే వర్తిస్తుందని మరో చట్టం చేశారు. అందుచేత ఆ స్త్రీలకు పుట్టిన ప్రతి బిడ్డా పుట్టగానే కస్టిస్ వారసుల ఖాతాలో పడేది.

1759 జనవరిలో మార్తా వాషింగ్టన్‌ను పెళ్ళాడింది. ఆనాటి చట్టం ప్రకారం భార్య చరాస్తి భర్త సొంతమైపోతుంది. ఆమె మూడో వంతు మీద పెత్తనం కూడా ఆయనదే. పిల్లల సొత్తుకు మాత్రం ఆయన సంరక్షకుడు. సవతి తండ్రి అంటే మనకు అనుమానమే కదా! కానీ వాషింగ్టన్ పిల్లల బట్టలకు, చదువుకు, వైద్యానికి అయిన ఖర్చు విడివిడిగా వ్రాసి, విలియమ్స్‌బర్గ్‌లోని కోర్టుకు ఏటేటా లెక్క చెప్పేవాడు. మా తాతగారు చూస్తే మెచ్చుకునేవారే.

మూర్ఛరోగంతో బాధపడిన ప్యాట్సీ 1773లో పదిహేడేళ్ళ వయసులో మరణించింది. ఆమె సొత్తు సుమారు పదహారు వేల పౌండ్లు. సగం అన్నకు, సగం తల్లికి, అంటే వాషింగ్టన్‌కు చేరింది. దానితో ఆయన లండను వర్తకుల అప్పు తీర్చుకున్నాడు. 1781లో జాకీ కూడా జ్వరంతో పోయాడు, నలుగురు పిల్లలను వదిలి. అతని భార్య మళ్ళీ పెళ్ళి చేసుకుంది. చిన్నపిల్లలిద్దరూ నాయనమ్మ ఇంట, మౌంట్ వెర్నన్‌లో పెరిగారు. ఆ మూడో వంతుకు ఇక ఈ నలుగురే వారసులు.

వాషింగ్టన్‌కు సొంత సంతానం లేదు. 1799లో వీలునామా వ్రాస్తూ, తన సొంత బానిసలు 123 మందిని భార్య అనంతరం విడుదల చేయాలన్నాడు. కస్టిస్ వాటా బానిసలు అప్పటికి పెరిగి 153 మంది. వారిని విడిపించే అధికారం తనకు లేదని కూడా అందులోనే వ్రాశాడు. కానీ నలభై ఏళ్ళుగా ఆ రెండు వర్గాలవారూ ఒకే చోట బ్రతికారు, పెళ్ళిళ్ళు చేసుకున్నారు. ఐజాక్ అనే వడ్రంగి వాషింగ్టన్ మనిషి. పాలశాలలో పనిచేసే అతని భార్య కిట్టీ కస్టిస్ వాటా. కనుక కూతుళ్ళూ కస్టిస్ వాటాయే. 1801 జనవరి 1న మార్తా ఆ 123 మందినీ ముందుగానే విడుదల చేసింది. అంటే తండ్రికి స్వేచ్ఛ, తల్లీ కూతుళ్ళకు దాస్యం! 1802లో మార్తా మరణించగానే ఆ 153 మందిని నలుగురు మనుమలకూ పంచేశారు.

ఈ లెక్క ముందే గ్రహించిన మనిషి ఒకతె ఉంది. ఓనా జడ్జ్ కస్టిస్ వాటాలో పుట్టిన పిల్ల, మార్తాకు పరిచారిక. తనను పెద్ద మనుమరాలికి ఇచ్చేయబోతున్నారని తెలిసి 1796లో, ఇంటివారు భోజనానికి కూర్చున్న వేళ, ఫిలడెల్ఫియా నుంచి తప్పించుకొని న్యూహాంప్‌షైర్ చేరింది. లెక్కల్లో అంత నిజాయితీపరుడైన వాషింగ్టన్ ఆమెను పట్టి తెప్పించడానికి గట్టిగా ప్రయత్నించాడు. ఆమె పోతే వారసులకు నష్టపరిహారం ఇచ్చుకోవలసిన భారం ఆయనదే మరి. ఆమె చిక్కలేదు. 1848లో కన్నుమూసేదాకా చట్టం దృష్టిలో పారిపోయిన సొత్తుగానే ఉండిపోయింది.

1782 చట్టం ప్రకారం యజమాని తన బానిసలను విడిచిపెట్టవచ్చు. అంటే వాషింగ్టన్ చేయలేనిది మనుమలు చేయగలరు. కానీ మనుమడు జార్జి వాషింగ్టన్ పార్క్ కస్టిస్ సైతం తన బానిసలను ఐదేళ్ళలోగా విడిపించాలని 1857లో చనిపోయేముందు వీలునామాలోనే వ్రాశాడు. దాన్ని అమలుపరచవలసిన అల్లుడు రాబర్ట్ ఇ. లీ ఆ పని 1862 డిసెంబరు దాకా సాగదీశాడు. తాత పోయి అప్పటికి నూట ఐదేళ్ళు!

చట్టం అనాథ పిల్లల వాటాను దమ్మిడీ తేడా లేకుండా కాపాడింది. ఆ కాపాడటమే వందలమంది మెడకు ఉరి అయింది. మా తాతగారి ప్రశ్న మంచిదే, కాదనను. కానీ ఆ ప్రశ్నకు ముందు మరొకటి అడగాలని నాకిప్పుడు తోస్తున్నది: పంచుతున్న జాబితాలో సొత్తు కానిదేమైనా ఉందా?