చేతికి వచ్చే కూలి, ఇంటికి మిగిలే కూలి

1860 నుంచి నేటాల్ రేవులో దిగిన మన పూర్వుల ఒప్పందంలో కూలి నెలకు 10 షిల్లింగులని వ్రాసి ఉండేది. ఏడాదికొక షిల్లింగు చొప్పున పెరిగి అయిదవ ఏట అది 14 అవుతుంది. ఈ అంకె మనలో చాలామందికి తెలుసు. దానితోపాటు బియ్యము, పప్పు, ఉప్పుచేప, నూనె, ఉప్పు, ఉండటానికి గది యజమానే ఇవ్వాలన్నది కూడా ఒప్పందంలోని మాటే. కొన్ని తోటలలో బియ్యానికి బదులు మొక్కజొన్న పిండి కొలిచారు. అప్పుడు కాగితం మీద కూలి ఒక్క పెన్నీ తగ్గలేదు. కాని అన్నం కావలసినవాడు ఆ 10 షిల్లింగులలోంచే అంగడికి పోయి బియ్యం కొనుక్కోవాలి. కూలి తగ్గినట్టే కదా! చేతికి వచ్చిన డబ్బు ఆ ఊళ్ళో ఏమేమి కొనగలదో దానిని అర్థశాస్త్రంలో నిజ వేతనం అంటారు.

ఈ సంగతి ఇప్పుడెందుకంటే, విదేశాలలో గంటకు ఇన్ని డాలర్లంటూ ఉద్యోగం మాట రాగానే మన ఇళ్ళలో దానిని రాండ్లలోకి మార్చి, నెలకు గుణించి, ఆ మొత్తం చూసి మురిసిపోవడం అలవాటైంది. ఆ లెక్క ఎక్కడ తప్పుతుందో చూపడానికి అమెరికాలోని మాంసపు కర్మాగారాల పనివారిని ఉదాహరణగా తీసుకున్నాము. మన పత్రికలో కబేళా మాట ఏమిటని పెద్దలు కోపగించవద్దు. అక్కడ పనిచేసేవారిలో చాలామంది మన పూర్వుల వలెనే దేశం విడిచి, కూలి అంకె విని వచ్చినవారు.

పూర్వం ఈ పని షికాగో వంటి పెద్ద నగరాలలో జరిగేది. 1960 తరువాత కంపెనీలు పశువులను మేపే చోటికే, అంటే అయోవా, నెబ్రాస్కా, కాన్సస్ రాష్ట్రాల చిన్న ఊళ్ళకు కర్మాగారాలను తరలించసాగాయి. చిన్న ఊళ్ళో ఖర్చు తక్కువ, కనుక కూలి కాస్త తక్కువైనా చెల్లుతుందన్న వాదం వినడానికి న్యాయంగానే ఉంటుంది. కాని కూలి ఎంత జారిందో చూడండి. ఒకప్పుడు మాంసపు పనివారి సగటు కూలి ఇతర కర్మాగారాల సగటుకంటే ఎక్కువ. 1983లో మొదటిసారి దానికంటే కిందికి దిగింది. 2002 నాటికి 24 శాతం తక్కువైంది. మిన్నెసోటా రాష్ట్రం ఆస్టిన్ ఊళ్ళో హార్మెల్ కంపెనీ 1984లో గంట కూలిని 10.69 డాలర్ల నుంచి 8.25కు కోసింది. ఆ ఏడు దేశంలో ధరలు 4 శాతానికి పైగా పెరిగాయి. మరుసటి ఆగస్టులో పనివారు సమ్మెకు దిగారు.

చిన్న ఊళ్ళో ఖర్చు తక్కువన్న మాట అయినా కొత్తగా వచ్చినవాడికి ఎంతవరకు నిజం? కాన్సస్‌లో గార్డెన్ సిటీకి దగ్గరలోని హోల్కంబ్ వద్ద 1980 చివర ఐబీపీ కంపెనీ పెద్ద గొడ్డుమాంసపు కర్మాగారం తెరిచింది. మూడేళ్ళకు ఆ ప్రాంతంలోనే మరొకటి వచ్చింది. 1980లో 18 వేలున్న గార్డెన్ సిటీ జనాభా 1990 నాటికి 24 వేలు దాటింది. ఇళ్ళు అంత వేగంగా లేవవు. వచ్చినవారిలో చాలామంది ట్రైలర్లలో, అంటే చక్రాల మీద లాక్కొచ్చి నిలిపే రేకుల ఇళ్ళలో తలదాచుకున్నారు. పాత కాపురస్థుడికి ఎప్పుడో కొన్న సొంత ఇల్లు ఉంటుంది. కొత్తవాడు ఈనాటి అద్దె ఇచ్చుకోవాలి. ఊరు ఒకటే, కూలి ఒకటే, బ్రతుకు ఖర్చులు మాత్రం రెండు. పైగా అటువంటి ఊళ్ళలో బస్సులు అంతంతమాత్రం. కారు లేనిదే పనికి పోలేడు. అద్దెలో మిగిలిందనుకున్నదాంట్లో కొంత ఆ కారుకు, దాని బీమాకు, పెట్రోలుకు పోతుంది.

అమెరికా ప్రభుత్వం రాష్ట్రాల ధరలను పోల్చి ఒక సూచిక ప్రకటిస్తుంది. దేశపు సగటును 100 అనుకుంటే కాన్సస్ 90 దరిదాపుల్లోను, కాలిఫోర్నియా 110కి పైన ఉంటూ వస్తున్నాయి. రెండు చోట్లా గంటకు 20 డాలర్లే ఇస్తారనుకుందాము. సూచిక 90 ఉన్నచోట ఆ 20 సుమారు 22 డాలర్ల విలువ చేస్తుంది. 112 ఉన్నచోట అదే 20 సుమారు 18కి దిగుతుంది. ఈ తేడాలో పెద్ద భాగం ఇంటి అద్దెదే. బియ్యం, నూనె, బట్టలు ఎక్కడ కొన్నా అంత భేదం ఉండదు. సూచిక తప్పని మేము అనడం లేదు. అది సగటు మనిషి సంగతి చెబుతుంది. కర్మాగారం తెరిచిన ఏడాది ట్రైలరు వెతుక్కున్నవాడు సగటు మనిషి కాడు.

కాలం కూడా కూలిని కొరుకుతుంది. 2022 జూన్‌లో అమెరికా ధరలు ముందటి జూన్ కంటే 9.1 శాతం పెరిగి ఉన్నాయి. ఆ ఏడు కూలి 5 శాతం పెంచిన యజమాని ఉంటే, అతడు నిజానికి 4 శాతం దాకా తగ్గించినట్టు.

మన వారికైతే ఇక్కడ ఉండటానికే ధర కట్టారు. 1895 చట్టం ప్రకారం, ఆ తరువాత ఒప్పందం మీద వచ్చి, గడువు తీరాక నేటాల్‌లో స్వేచ్ఛగా నిలవదలచినవారు ఏడాదికి 3 పౌన్ల పన్ను కట్టాలి. అంటే 60 షిల్లింగులు, ఒప్పందపు మొదటి ఏటి కూలిలో సరిగ్గా ఆరు నెలలది. 1914లో గాని అది రద్దు కాలేదు.

ఇంటికి డబ్బు పంపేవాడి లెక్క ఇంకొక విధం. పంపిన డాలరుకు అక్కడి ధరతో పని లేదు, ఇక్కడి ధరతోనే పని. అందుకే ఒంటరిగా ఉన్నవాడు నలుగురితో కలిసి ఒక గదిలో సర్దుకుని అద్దె పంచుకుంటాడు. భార్యాపిల్లలను రప్పించుకున్న నెల నుంచి ఆ అద్దె మొత్తం అతనొక్కడి మీదే పడుతుంది, కూలి మాత్రం అంతే ఉంటుంది. కనుక మన కుర్రవాళ్ళకు ఎవరైనా గంటకు ఇన్ని డాలర్లని చెబితే, ఆ ఊళ్ళో రెండు గదుల ఇంటికి ఈ నెల అద్దె ఎంత, పని చోటు ఎంత దూరం, వారానికి ఎన్ని గంటల పని ఖాయం, కూలిలోంచి ముందే ఏమేమి కోస్తారు అని అడగనివ్వండి. రాండ్లలోకి ఆ తరువాత మార్చుకోవచ్చు.