మోత విని కొట్టిన 42

గట్టి ప్లాస్టిక్ బంతి, లోపల చిన్న ఇనుప గుళ్లు. బౌలర్ ‘రెడీ?’ అని అడగాలి. బ్యాటర్ ‘యెస్’ అన్నాకే ‘ప్లే’ అంటూ చెయ్యి కిందినుంచి విసరాలి. పిచ్ సగం దాటకముందే నేల తాకి, గలగలమంటూ దొర్లుకొచ్చే ఆ బంతిని మోకాలు వంచి స్వీప్ చేయడమే ఈ ఆటలో అసలు విద్య. పదకొండు మందిలో కనీసం నలుగురు చూపు పూర్తిగా లేనివాళ్లు ఉండాలి. వాళ్లు కొట్టిన ప్రతి పరుగుకీ రెండు లెక్క. బంతి దొర్లుకొచ్చే క్షణాన గ్యాలరీలో ఎవరైనా ఈల వేశారా, బ్యాటర్ పని అయిపోయినట్టే.

2025 నవంబరు 23న కొలంబోలోని పి.సారా ఓవల్‌లో ఈ మోత వింటూ పాడేరు మన్యం పిల్ల పాంగి కరుణాకుమారి 27 బంతుల్లో 42 పరుగులు చేసింది. అంధ మహిళల తొలి టీ20 ప్రపంచకప్ ఫైనల్ అది. నేపాల్ పెట్టిన లక్ష్యం 115. ఒడిశా అమ్మాయి ఫూలా సరెన్ 44తో అజేయంగా నిలిచింది. భారత్‌కు ఏడు వికెట్ల తేడాతో గెలుపు; టోర్నీలో ఒక్క ఓటమీ లేదు. కరుణది ఘాట్ రోడ్డు పక్కన వంట్లమామిడి. ఫైనల్ నాటికి ఆ కొండల్లో కాఫీ పళ్లు కోసే రోజులు.

కప్పు సరే, మరి బతుకుతెరువు? ఆ ఫైనల్‌కు మూడు రోజుల ముందే అమెరికాలో కొత్త మహిళా ప్రొఫెషనల్ బేస్‌బాల్ లీగ్ ఆటగాళ్లను ఎంచుకుంది. మొదటి పేరు కెల్సీ విట్‌మోర్‌ది, తీసుకున్నది శాన్‌ఫ్రాన్సిస్కో. 1943లో మొదలై 1954లో మూతపడిన పాత లీగ్ తర్వాత, అంతటిది మరొకటి అక్కడ నిలదొక్కుకోలేదు. డబ్బున్న దేశంలోనే ఆడపిల్ల బ్యాటు పట్టి జీతం తీసుకోవడానికి ఇన్నేళ్లు పడితే, మన్యం సంగతి వేరే చెప్పాలా?

అదే నెలలో హర్మన్‌ప్రీత్ జట్టు వన్డే కప్పు గెలిస్తే బీసీసీఐ 51 కోట్లు ప్రకటించింది. తప్పేం లేదు, కడప అమ్మాయి శ్రీచరణి అందులో ఉన్నందుకు మనమూ మురిసిపోయాం. కానీ అంధుల క్రికెట్ బీసీసీఐ గొడుగు కింద లేదు. సమర్థనం ట్రస్టు అండతో వేరే సంఘం నడిపిస్తోంది. కాబట్టి అక్కడి కాంట్రాక్టులు, మ్యాచ్ ఫీజుల లెక్కలు ఇక్కడికి రావు. ఇక్కడ సన్మానమే తప్ప జీతం లేదు. సన్మానం ఒకసారే జరుగుతుంది, ఇల్లు నెలనెలా గడవాలి. పోటీల్లోకి రాబోయే మన్యం పిల్లలకు కావలసింది శాలువా కాదు, ఆటగాళ్ల కోటాలో ఒక కొలువు అని నా అభిప్రాయం.

డిసెంబరులో ఉపముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ అంధ మహిళల జట్టును పిలిపించి ఒక్కొక్కరికి 5 లక్షలు ఇచ్చారు. అప్పుడు కెప్టెన్ దీపిక అడిగింది తన ఊరికి రోడ్డు. శ్రీసత్యసాయి జిల్లాలో ఆమె ఊరు తంబలహట్టి. 6.2 కోట్లు వెంటనే మంజూరయ్యాయి.