స్విచ్ బోర్డులో ఏ వైరు ఏది?

సెల్‌ఫోన్‌తో లైటు వేయడం, ఆర్పడం ఈ రోజుల్లో పెద్ద వింత కాదు. మన హాస్టల్లో చదివి ఉద్యోగాల్లో స్థిరపడిన అన్నలు ఊళ్లో అమ్మానాన్నలకు ఇల్లు కట్టించి, స్మార్ట్ స్విచ్‌లు తెప్పించి, "నువ్వు ఫిజిక్స్ పీజీ కదా తమ్ముడూ, బిగించిపెట్టు" అని మాకు ఫోన్ చేస్తున్నారు. ఇంట్లో మొదట డిగ్రీ చదివినవాడికి ఈ తిప్పలు తప్పవు. కరెంటు దగ్గర్నుంచి కడుపునొప్పి దాకా అన్నీ వాడికే తెలుసని చుట్టాల నమ్మకం! కానీ క్లాసులో ఓమ్ నియమం చదవడం వేరు, గోడలోంచి బయటికొచ్చిన ఐదారు వైర్లలో ఏది ఏదో చెప్పడం వేరు. సెలవుల్లో వైరింగ్ పనికి హెల్పర్లుగా వెళ్లే తమ్ముళ్లు కూడా మనలో ఉన్నారు కాబట్టి వారికీ పనికొస్తుందని ఈ వ్యాసం రాస్తున్నాం.

మన ఇళ్లకు వచ్చేది 230 వోల్టుల ఏసీ కరెంటు. బోర్డులో ఉండేవి ముఖ్యంగా నాలుగు రకాల వైర్లు. కరెంటు తెచ్చేది ఫేజు. అది తిరిగి వెళ్లే దారి న్యూట్రల్. ప్రమాదం వచ్చినప్పుడు కరెంటును భూమిలోకి పంపేది ఎర్త్. నాలుగోది స్విచ్ నుంచి బల్బుకు వెళ్లే వైరు, స్విచ్ వేసినప్పుడే దీనిలో కరెంటు ఉంటుంది. ఎరుపు ఫేజు, నలుపు న్యూట్రల్, ఆకుపచ్చ ఎర్త్ అన్నది మన దగ్గర ఎప్పటినుంచో ఉన్న వాడుక. అయితే గోడ లోపల ఈ రంగుల్ని నమ్మడానికి వీల్లేదు. పని మధ్యలో నల్ల వైరు చుట్ట అయిపోతే ఉన్న ఎర్ర వైరే లాగేసి వెళ్లేవారు ఎందరో! పైగా మన ఇళ్ల సంగతి చూడండి. 1988-89లో మొదలైన కుటీర జ్యోతి పథకం పేదల ఇళ్లకు ఇచ్చింది ఒక్క బల్బు కనెక్షన్. అలా ఒక్క బల్బుతో మొదలై, గది కట్టినప్పుడల్లా ఒక వైరు కలుపుకుంటూ వచ్చిన ఇళ్లలో రంగుకూ పనికీ సంబంధం ఉండదు. కాబట్టి వైరును అది చేసే పనిని బట్టే గుర్తుపట్టాలి.

ముట్టుకునే ముందు మెయిన్ ఆపాలని అందరికీ తెలుసు. ఇన్వర్టర్ సంగతే చాలామంది మరచిపోతారు. మెయిన్ ఆపగానే కరెంటు పోయిందనుకుని ఇన్వర్టర్ అందుకుంటుంది, లైట్లకూ ఫ్యాన్లకూ అదే 230 వోల్టులు పంపుతుంది. ఇన్వర్టర్‌ను కూడా ఆపి, ఆ తర్వాత టెస్టరు పెట్టి చూడాలి.

టెస్టరు గురించి కొంచెం వివరంగా చెప్పాలి. అందులో చిన్న నియాన్ బల్బు, దానికి వరసగా పెద్ద రెసిస్టరు ఉంటాయి. మన ఒంటి గుండా అతి స్వల్పమైన కరెంటు వెళ్లడం వల్లే అది వెలుగుతుంది. పొడి చెక్క స్టూలు మీద నిలబడ్డా, ఎండ వెలుతురులో చూసినా వెలిగింది సరిగా కనపడదు. అందుకే ముందుగా కరెంటు ఉందని తెలిసిన చోట టెస్టరు పనిచేస్తోందో లేదో చూసుకోవాలి, తర్వాత మన వైరు మీద పెట్టాలి, మళ్లీ ఒకసారి తెలిసిన చోట చూడాలి. ఇంకో తమాషా ఉంది. స్విచ్ వేసినా బల్బు వెలగదు, టెస్టరేమో బల్బు రెండు వైర్లలోనూ వెలుగుతుంది. రెండు ఫేజులు వచ్చాయని కంగారు పడతారు. సాధారణంగా అది న్యూట్రల్ ఎక్కడో తెగిందనడానికి గుర్తు. ఫేజే బల్బు గుండా అవతలికి వచ్చి, పోయే దారిలేక ఆగిందన్నమాట.

ఫేజును కనిపెట్టడం సులువే. వైర్లేవీ విప్పకముందే, స్విచ్‌లన్నీ ఆపి ఉంచి చూస్తే టెస్టరు వెలిగే స్క్రూ ఫేజు వైపుది. స్విచ్ వేసినప్పుడు మాత్రమే వెలిగే రెండో స్క్రూ బల్బు లైనుది. స్విచ్ నుంచి స్విచ్‌కు వెళ్లే పొట్టి వైర్లు ఫేజు లూపులు. అసలు చిక్కు న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్యనే. ఫేజుతో కలిపి మల్టీమీటరులో చూస్తే రెండూ సుమారు 230 చూపిస్తాయి. మూడు రంధ్రాల సాకెట్టుకు ఎదురుగా నిలబడితే పై పెద్ద రంధ్రం ఎర్త్, కుడిది ఫేజు, ఎడమది న్యూట్రల్ ఉండాలి. బోర్డు విప్పి వెనక నుంచి చూసేటప్పుడు కుడి ఎడమలు తారుమారవుతాయి, జాగ్రత్త! అక్కడా అనుమానం ఉంటే అన్నీ ఆపి, మెయిన్ బోర్డులో ఆ లైను న్యూట్రల్‌ను విప్పించి, కంటిన్యుటీ చూడడమే దారి. ఇది తెలిసిన ఎలక్ట్రీషియన్ చేతిలో జరగాల్సిన పని.

ఇంత పట్టుబట్టడం ఎందుకంటే, న్యూట్రల్ దొరకలేదని కొందరు ఎర్త్‌కు కలిపేస్తారు. లైటు బ్రహ్మాండంగా వెలుగుతుంది. కానీ ఆ ఎర్త్ వైరు మెయిన్ వైపు ఎక్కడో తెగిందంటే, ఫేజు ఆ బల్బు గుండా వచ్చి, అదే ఎర్త్‌కు కలిపిన ఫ్రిజ్, కూలర్, ఇస్త్రీపెట్టెల ఇనుప ఒంటికి చేరుతుంది. తడి చేత్తో ఫ్రిజ్ తీసిన అమ్మ పరిస్థితి ఊహించండి. ఇంట్లో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉంటే మంచిదే. 40 వాట్ల బల్బును అలా కలిపితే సుమారు 174 మిల్లీ ఆంపియర్లు ఎర్త్‌లోకి పోతాయి కాబట్టి అది వెంటనే పడిపోతుంది. "ఊరికే ట్రిప్ అవుతోంది" అని దాన్ని తీసేయించడం ఘోరం.

మామూలు స్విచ్‌కు న్యూట్రల్ అక్కర్లేదు, అది ఫేజు దారిని తెరిచి మూసేదే. స్మార్ట్ స్విచ్ లోపల వైఫై కోసం చెవి ఒగ్గి ఉండే సర్క్యూట్ ఉంది. లైటు ఆర్పినా అది మేలుకునే ఉండాలి, అందుకే న్యూట్రల్ కావాలి. సాకెట్టు ఉన్న బోర్డులో న్యూట్రల్ ఎలాగూ ఉంటుంది. మెట్ల దగ్గర, బాత్‌రూము బయట స్విచ్ మాత్రమే ఉన్నచోట చాలాసార్లు ఉండదు, అది జంక్షన్ బాక్సు నుంచి నేరుగా బల్బుకు వెళ్లిపోతుంది. న్యూట్రల్ అక్కర్లేని రకాలు తమకు కావలసిన కొద్దిపాటి కరెంటును బల్బు గుండానే లాక్కుంటాయి. పాత 60 వాట్ల బల్బుకు అది లెక్కే కాదు. 9 వాట్ల ఎల్‌ఈడీ మాత్రం ఆర్పాక కూడా మిణుకుమిణుకుమంటుంది. పైపులోంచి ఒక న్యూట్రల్ లాగించుకోవడమే మేలని మా అభిప్రాయం.

మెట్లకు పైనా కిందా ఉండే టూ-వే స్విచ్‌లలో ఒక్కోదానికి మూడు వైర్లు ఉంటాయి. వాటిలో రెండింట్లో కరెంటు అటూ ఇటూ మారుతుంటుంది కాబట్టి ఒక్కసారి టెస్టరు పెట్టి తేల్చేయకూడదు. ఫ్యానుకూ మోటారుకూ లైటు మాడ్యూల్ పెట్టకూడదు, వాటికి తగినవి వేరే ఉంటాయి.

బిగించాక కూడా ఒక సంగతి ఉంది. ఫోన్‌లో లైటు ఆఫ్ చేసినంత మాత్రాన హోల్డర్‌లో కరెంటు లేదని అనుకోవద్దు. ఇక్కడ నాన్న స్టూలెక్కి బల్బు మారుస్తుంటే, హైదరాబాదులో ఉన్న అన్న ఆ ఫోన్‌లోనే లైటు వేయవచ్చు. ఎవరో పెట్టిన టైమరు సాయంత్రం ఆరింటికి వేయవచ్చు. అందుకని ఆ లైను ఎంసీబీ ఏదో ఇంట్లో అందరికీ తెలియాలి. ఏ ఎంసీబీ ఏ గదిదో తెలుగులో పెద్ద అక్షరాలతో చీటీ రాసి, మెయిన్ బోర్డు మూత లోపల అంటించి రండి.